జకాత్ లెక్క నుంచి పంపిణీ దాకా: ఒక కుటుంబాన్ని పేదరికం నుంచి బయటికి తెచ్చేలా చెల్లించే విధానం

స్తోమత ఉన్న ముస్లిం తన సంపద నుంచి విధిగా ఇవ్వవలసిన దానం జకాత్. అది ఎంత ఇవ్వాలని అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. ఇచ్చిన జకాత్ వల్ల తీసుకున్నవారి పరిస్థితి మారాలంటే ఏం చేయాలని అడిగేవారు ఇప్పుడు పెరుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయకూడదు. లెక్క తప్పితే పేదల హక్కు మన దగ్గరే ఉండిపోతుంది. పంపిణీ తప్పితే ఈ ఏడాది చేయి చాచిన మనిషే వచ్చే ఏడాదీ చేయి చాచవలసి వస్తుంది.

కొన్ని నియమాల్లో హనఫీ, షాఫియీ, మాలికీ, హంబలీ అనే నాలుగు ఇస్లామీయ న్యాయమార్గాల మధ్య తేడాలున్నాయి. ముఖ్యమైన తేడాలను ఆయా చోట్ల సూచించాను. ఒకచోట ఒక మార్గాన్ని, మరోచోట ఇంకో మార్గాన్ని సౌలభ్యం కోసం ఎంచుకోకుండా, మీరు అనుసరించే మార్గం ప్రకారమే లెక్క మొదటి నుంచి చివరి దాకా నడిపించండి.

1. జకాత్ తేదీని స్థిరపరచుకోండి

మీ సంపద మొదటిసారి నిసాబ్‌కు, అంటే జకాత్ విధిగా మారే కనీస పరిమితికి, చేరిన చాంద్రమాన తేదీయే మీ జకాత్ తేదీ. అక్కడి నుంచి ఒక చాంద్రమాన సంవత్సరం, సుమారు 354 రోజులు, గడిస్తే జకాత్ విధి అవుతుంది. ఆ తేదీ గుర్తులేకపోతే బాగా ఆలోచించి, వీలైనంత దగ్గరి తేదీని అంచనా వేసి, ఇకపై దానికే కట్టుబడి ఉండండి.

చాలామంది రంజాన్ నెలనే తేదీగా పెట్టుకుంటారు. ఆ నెలలో పుణ్యం అధికమన్న భావనతో అలా చేయడం తప్పు కాదు. అయితే అసలు తేదీ అంతకుముందే వచ్చి ఉంటే రంజాన్ దాకా ఆపి ఉంచడం సరికాదు. విధి అయిన జకాత్‌ను కారణం లేకుండా ఆలస్యం చేయకూడదన్నది అత్యధిక పండితుల అభిప్రాయం.

వ్యాపార లెక్కలు సౌరమానంలో ఉండి, చాంద్రమాన తేదీకి సరుకు లెక్కించడం సాధ్యం కానివారికి సమకాలీన పండితులు ఒక వెసులుబాటు చూపారు. అదనంగా వచ్చే పదకొండు రోజులకు సరిపడా, 2.5 శాతానికి బదులు 2.577 శాతం చొప్పున చెల్లించాలి.

2. లెక్కకు కూర్చునే ముందు సమకూర్చుకోవలసినవి

జకాత్ తేదీన మీ ఆస్తి విలువ ఎంతో అదే లెక్క. కొన్నప్పటి ధర, ఏడాది మధ్యలో ఉన్న మొత్తం లెక్కలోకి రావు. అందువల్ల ఈ వివరాలన్నీ ఆ రోజుకు సంబంధించినవై ఉండాలి.

- చేతిలోని నగదు, అన్ని బ్యాంకు ఖాతాల్లోని నిల్వలు
- బంగారం, వెండి బరువు, వాటి స్వచ్ఛత, ఆ రోజు మార్కెట్ ధర
- అమ్మకానికి ఉన్న సరుకు జాబితా, ఆ రోజు అమ్మితే వచ్చే ధర
- ఇతరుల నుంచి రావలసిన బాకీలు: తప్పక వచ్చేవి ఒక పట్టీ, అనుమానంగా ఉన్నవి మరో పట్టీ
- షేర్లు, పొదుపు పథకాలు, తిరిగి అమ్మాలనే ఉద్దేశంతో కొన్న స్థలాలు
- మీరు చెల్లించవలసిన అప్పులు, వాటి గడువులు
- ఖాతాలో పడిన వడ్డీ మొత్తం, విడిగా

నివసించే ఇల్లు, సొంత వాహనం, ఇంటి సామాను, వృత్తి పనిముట్లు, దుకాణం భవనం, యంత్రాలు జకాత్ లెక్కలోకి రావు. అద్దెకిచ్చిన ఇంటి విలువపైనా జకాత్ లేదు. వచ్చిన అద్దెలో మీ దగ్గర మిగిలి ఉన్నది మాత్రం నగదులో కలుస్తుంది.

3. నిసాబ్‌తో సరిచూసుకోండి

బంగారానికి నిసాబ్ ఇరవై మిస్ఖాళ్లు, వెండికి రెండు వందల దిర్హములు. ఇప్పటి తూకంలో బంగారం 85 గ్రాములని, వెండి 595 గ్రాములని చాలామంది సమకాలీన పండితులు లెక్కిస్తారు. దక్షిణాసియా హనఫీ పండితుల లెక్కలో ఇవి 87.48 గ్రాములు, 612.36 గ్రాములు.

నగదుకు, సరుకుకు ఏ లోహాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. రెండింటి ధరలకూ ఇప్పుడు ఎంతో అంతరం ఉంది. వెండిని ప్రమాణంగా తీసుకుంటే చెల్లించేవారు పెరిగి పేదలకు చేరే మొత్తం పెరుగుతుందని హనఫీ పండితుల్లో ఎక్కువమంది దానినే ఎంచుకుంటారు. అయితే వెండి లెక్కలో నిసాబ్ దాటిన కుటుంబం కూడా ఒక్క పెద్ద జబ్బుతో కూలిపోగలదు కనుక బంగారమే నేటి ప్రమాణమని మరికొందరి వాదన. స్తోమత ఉన్నవారు వెండి నిసాబ్‌ను పాటించడమే మంచిదని నా అభిప్రాయం. నిసాబ్ అంచున ఉన్న కుటుంబం మాత్రం తమ పండితుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

ఏడాది మధ్యలో సంపద నిసాబ్ కంటే తగ్గితే, పూర్తిగా హరించుకుపోనంతవరకు, ఏడాది మొదటా చివరా నిసాబ్ ఉంటే చాలని హనఫీ మార్గం చెబుతుంది. షాఫియీ, హంబలీ మార్గాల్లో నగదు నిసాబ్ ఏడాది పొడవునా నిలిచి ఉండాలి.

4. ఈ వరుసలో లెక్కించండి

మొదట నగదు, బంగారం, వెండి, సరుకు, తప్పక వచ్చే బాకీలు కూడండి. వాడుకునే నగలపైనా జకాత్ ఉందన్నది హనఫీ మార్గం. మిగిలిన మూడు మార్గాల్లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం స్త్రీలు సాధారణంగా ధరించే నగలకు మినహాయింపు ఉంది.

తర్వాత అప్పులు తీసివేయండి. దీర్ఘకాలిక రుణం మొత్తాన్ని కాక, ఇప్పుడు చెల్లించవలసిన వాయిదాలను, మహా అయితే రాబోయే ఏడాది వాయిదాలను మాత్రమే తీసివేయాలని సమకాలీన పండితులు పలువురు చెబుతారు. లేకుంటే ఇరవై ఏళ్ల గృహరుణం ఉన్న ధనికుడు ఎన్నడూ జకాత్ చెల్లించనక్కర లేకుండా పోతుంది. షాఫియీ మార్గంలోని ప్రబలమైన అభిప్రాయం అప్పుల మినహాయింపునే అంగీకరించదు.

మిగిలినది నిసాబ్‌కు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే, దానిలో నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం, జకాత్.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ కరెన్సీలో నగదు 3,00,000, సరుకు 4,00,000, వచ్చే బాకీలు 1,00,000 ఉన్నాయనుకోండి. మొత్తం 8,00,000. తక్షణం తీర్చవలసిన అప్పు 2,00,000 తీసివేస్తే 6,00,000 మిగులుతుంది. అది నిసాబ్ దాటి ఉంటే చెల్లించవలసిన జకాత్ 15,000. లాభంపై మాత్రమే జకాత్ అనుకునే వ్యాపారులు ఇక్కడే పొరపడతారు. పెట్టుబడిగా తిరిగే సరుకు విలువ మొత్తం లెక్కలోకి వస్తుంది.

కొనుగోలు, అమ్మకం లాభం కోసమే షేర్లు కొన్నవారు వాటి మార్కెట్ విలువ మొత్తంపై లెక్కించాలి. డివిడెండు కోసం చాలాకాలం ఉంచుకునేవారు ఆ కంపెనీ నగదు, సరుకు, దానికి రావలసిన బాకీల్లో తమ వాటాపై లెక్కిస్తే సరిపోతుందని పలువురు పండితుల అభిప్రాయం.

పంటకు నియమం వేరు. దానికి ఏడాది గడవనక్కర లేదు; కోత రోజునే ఇవ్వాలి. వర్షాధారమైతే పదో వంతు, ఖర్చుపెట్టి నీరు పెట్టినదైతే ఇరవయ్యో వంతు. పంటకు అయిదు వస్ఖ్‌లు, అంటే సుమారు 650 కిలోలు, నిసాబ్ అని అత్యధికులు చెప్పగా, ఇమామ్ అబూ హనీఫా ఎంత పండినా ఇవ్వాలన్నారు.

5. ఎవరికి ఇస్తే చెల్లుతుంది

ఖురాన్‌లోని తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయత్ (వాక్యం) ఎనిమిది వర్గాలను పేర్కొంది: నిరుపేదలు, అగత్యపరులు, జకాత్ వసూలు, పంపిణీ చేసే సిబ్బంది, ఎవరి హృదయాలను ఆకట్టుకోవలసి ఉందో వారు, బానిసత్వం నుంచి విడిపించవలసినవారు, రుణగ్రస్తులు, దైవమార్గం, దారిలో చిక్కుకున్న బాటసారులు. ఈ జాబితాకు వెలుపల ఇచ్చినది దానమే అవుతుంది గాని జకాత్ తీరదు.

తల్లిదండ్రులకు, తాతలకు, పిల్లలకు, మనవలకు, భార్యకు పేదరికం కారణంగా జకాత్ ఇవ్వకూడదు. వారి పోషణ మన సొంత బాధ్యత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్తలు, మేనమామలు, చిన్నాన్నలు పేదవారై, వారి పోషణ మీపై విధిగా లేకపోతే ఇవ్వవచ్చు. బంధువుకు ఇస్తే దానం, బంధుత్వ పాలన రెండూ నెరవేరతాయని హదీసు, అంటే దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవచనం, ఉంది. కాబట్టి వెతుకులాట బంధువర్గం నుంచే మొదలుపెట్టండి.

దైవప్రవక్త (స) వంశీయులకు జకాత్ చెల్లదన్నది ప్రబలమైన అభిప్రాయం. ముస్లిమేతర పేదలకు జకాత్ నుంచి కాక, సాధారణ దానమైన సదఖా నుంచి ఇవ్వాలని అత్యధికులు చెబుతారు. అందుకోసం ఏటా కొంత సదఖాను విడిగా కేటాయించుకోవడం మంచిది.

6. అర్హులను మీరే వెతకండి

మన దగ్గరికి వచ్చినవారికే ఇస్తే, అడగలేని వారికి ఏమీ దక్కదు. అల్ బఖరా సూరా 273వ ఆయత్ అలాంటివారినే గుర్తుచేస్తుంది: వారి ఆత్మాభిమానం చూసి, తెలియనివాడు వారిని స్థితిమంతులనుకుంటాడు. ఒకటి రెండు ముద్దల కోసం ఇంటింటా తిరిగేవాడు కాదు అసలైన అగత్యపరుడు, అవసరం తీరే దారి లేకున్నా ఎవరినీ అడగనివాడే అని హదీసు కూడా చెబుతుంది.

విచారణ ఎలా చేయాలో కూడా హదీసులోనే ఆధారం దొరుకుతుంది. ప్రవక్త సహచరుడు ఖబీసా (ర) ఉల్లేఖనంలో, లేమికి గురైనవాడి పరిస్థితిని అతని జనంలోని వివేకవంతులు ముగ్గురు ధ్రువీకరించాలని ఉంది. బడి ఉపాధ్యాయుడు, ఇరుగుపొరుగువారు, మందుల దుకాణం యజమాని, మస్జిదు ఇమాము వంటివారిని నెమ్మదిగా అడిగితే ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో తెలుస్తుంది. ఎవరికి ఇవ్వబోతున్నారో మాత్రం వారికి చెప్పకండి.

తెలుసుకోవలసినవి ఇవి:

- ఇంట్లో ఎంతమంది, వారిలో సంపాదించేవారు ఎందరు
- నెలకు వచ్చేదెంత, తప్పనిసరి ఖర్చు ఎంత, లోటు ఎంత
- అప్పు ఎంత, ఎవరికి, వడ్డీ ఉందా
- దీర్ఘకాలిక జబ్బు లేదా వైకల్యం ఉన్నవారు ఎవరైనా ఉన్నారా
- చదువు మానే దశలో ఉన్న పిల్లలు ఉన్నారా
- చేతనైన పని ఏమిటి, అది ఎక్కడ ఆగిపోయింది

చివరి ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి. పని చేయగల శక్తి ఉన్నవారికి దారి చూపడం వేరు, వృద్ధులకు, రోగులకు జీవనభృతి ఇవ్వడం వేరు. ఈ రెండు కుటుంబాలకూ ఒకే తీరున సాయం చేస్తే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది.

7. ఒకరికి ఎంత ఇవ్వాలి

పేదరికం తగ్గుతుందా లేదా అన్నది నిజానికి ఈ మెట్టు దగ్గరే తేలుతుంది. వందమందికి కొద్దికొద్దిగా పంచితే వందమందికీ ఆ రోజు గడుస్తుంది. మర్నాటి నుంచి అందరి పరిస్థితీ యథాతథమే. “ఇస్తే వారి అవసరం తీరేలా ఇవ్వండి” అన్న భావంతో ఖలీఫా ఉమర్ (ర) చెప్పిన మాట ప్రసిద్ధం.

న్యాయశాస్త్రంలో దీనికి వివరమైన చర్చ ఉంది. మాలికీలు, హంబలీలు ఒక కుటుంబానికి ఏడాదికి సరిపడా ఇవ్వవచ్చన్నారు. షాఫియీ పండితుల్లో ఇమామ్ నవవీ వంటివారు ఇంకా ముందుకు వెళ్లి, చేతివృత్తివాడికి పనిముట్లు కొనుక్కునేంత, వర్తకుడికి వ్యాపారంతో బతికేంత పెట్టుబడి ఇవ్వాలని వివరించారు. హనఫీ మార్గంలో ఒక్కరికే నిసాబ్ అంత ఇవ్వడం మంచిది కాదంటారు; అయితే ఆ వ్యక్తికి అప్పు ఉన్నా, పోషించవలసిన కుటుంబం ఉన్నా ఆ అభ్యంతరం ఉండదు. పేద కుటుంబాల్లో ఈ రెండిటిలో ఒకటైనా తరచుగా ఉంటుంది కనుక, హనఫీలు కూడా తగినంత మొత్తం ఇవ్వడానికి దారి ఉంది.

నా సూచన ఇది: మీ జకాత్‌లో పెద్ద భాగాన్ని ఒకటి రెండు కుటుంబాల స్థితి మార్చడానికి, మిగిలినదాన్ని మందులు, తిండి వంటి తక్షణ అవసరాలకు పెట్టండి. ఒక్కరి జకాత్ సరిపోకపోతే బంధువులో మిత్రులో కొందరు కలిసి ఒకే కుటుంబాన్ని ఎంచుకోవచ్చు.

భర్తను కోల్పోయి, కుట్టుపని తెలిసిన ఒక స్త్రీ ఉందనుకుందాం. ఆమెకు కుట్టు మిషను కొనిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆమెకు వడ్డీ అప్పు ఉంటే ఆ మిషను కొద్దినెలల్లో అమ్ముడుపోతుంది. అప్పు తీర్చి మిషను ఇచ్చినా, పని పుంజుకునే దాకా ఇల్లు గడవకపోతే సరుకు కోసం ఇచ్చిన డబ్బు తిండికి ఖర్చవుతుంది. అందువల్ల వరుస ఇలా ఉండాలి:

- మొదట ఒత్తిడి చేస్తున్న అప్పు తీరాలి. రుణగ్రస్తుల వాటా ఉద్దేశమే అది.
- తర్వాత ఆదాయం మొదలయ్యే దాకా ఇంటి ఖర్చుకు కొంత చేతికి ఇవ్వాలి.
- ఆపైన పనిముట్టు, దానితోపాటు మొదటి విడత ముడిసరుకు.
- చివరగా, నిజంగా అవసరమైతే శిక్షణ, గిరాకీతో పరిచయం.

ఎంత ఇస్తే చాలునో తేల్చడానికి కుటుంబపు కనీస అవసరాల విలువను కొలమానంగా పెట్టుకోండి. మలేషియాలోని జకాత్ సంస్థలు దీనినే ‘హద్ కిఫాయా’ పేరుతో లెక్కిస్తాయి: ఇల్లు, తిండి, బట్ట, వైద్యం, చదువు, రాకపోకల ఖర్చు కూడి, ఇంట్లోని మనుషుల సంఖ్య, వయసు, వైకల్యం చూసి హెచ్చుతగ్గులు చేసి, ఆదాయంతో పోల్చుతాయి. ఆ రెండింటి తేడాయే మీరు పూడ్చవలసిన లోటు.

8. ఏ రూపంలో, ఎప్పుడు ఇవ్వాలి

చెల్లింపు సమయంలోనో, మొత్తాన్ని విడిగా తీసిపెట్టేటప్పుడో జకాత్ అన్న సంకల్పం మనసులో ఉండాలి. తీసుకునేవారికి ఆ మాట చెప్పనక్కర లేదు. కానుక అని ఇచ్చినా మన సంకల్పం ప్రకారం జకాత్ తీరుతుంది. అభిమానం గల కుటుంబానికి అదే తగిన పద్ధతి.

ముఖ్యంగా హనఫీ మార్గంలో పేదవారిని ఆ ధనానికి యజమానిని చేయడం తప్పనిసరి. కాబట్టి భవనాల నిర్మాణానికి, బావి తవ్వడానికి జకాత్ చెల్లదు. ఆసుపత్రి బిల్లు, పాఠశాల రుసుము నేరుగా కట్టదలిస్తే ముందుగా ఆ వ్యక్తి అనుమతి తీసుకుని, వారి తరఫున కట్టండి. పనిముట్టు ఇస్తే అది పూర్తిగా వారిదే. తిరిగి తీసుకునే షరతు పెట్టకూడదు.

జకాత్ సొమ్మును అప్పుగా ఇచ్చినంత మాత్రాన జకాత్ తీరదు. వడ్డీలేని రుణనిధి నడపాలనుకుంటే సదఖా సొమ్ముతో నడపండి.

ఏడాది పొడవునా నెలనెలా సాయం కావలసిన వృద్ధులు, రోగులు ఉంటే, నిసాబ్ ఉన్నవారు రాబోయే జకాత్‌ను ముందుగానే నెలవారీగా ఇస్తూ పోవచ్చని హనఫీ, షాఫియీ, హంబలీ పండితులు అనుమతించారు. ఏడాది చివర అసలు లెక్క చూసి తక్కువైనది కలపాలి. సాయమంతా ఒకే నెలలో కుమ్మరించి, మిగిలిన పదకొండు నెలలు ఏమీ ఇవ్వకపోవడం కంటే ఇది ఎంతో మేలు.

రంజాన్ ముగింపులో ఇచ్చే ఫిత్రా వేరే విధి. కుటుంబంలోని ప్రతి ఒక్కరి తరఫున, పండుగ నమాజుకు ముందే ఒక సాఅ్ (పాతకాలపు కొలత) ఆహారధాన్యం ఇవ్వాలి. హనఫీ మార్గంలో గోధుమలైతే అర సాఅ్ చాలు; దాని విలువను కూడా అంగీకరిస్తారు. ఫిత్రా ఇచ్చినంత మాత్రాన జకాత్ తీరిపోదు.

9. సంస్థకు అప్పగిస్తున్నారా? ఇవి అడగండి

- జకాత్, సదఖా ఖాతాలు వేరువేరుగా ఉన్నాయా
- నిర్వహణ ఖర్చు దేనినుంచి తీస్తారు. జకాత్ నుంచే అయితే ఎంత శాతం. షాఫియీ మార్గంలో సిబ్బంది వాటా ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, దాటకూడదు.
- సొమ్ము ఎన్నాళ్లలో పేదలకు చేరుతుంది
- అర్హతను ఎవరు, ఎలా నిర్ధారిస్తారు
- సాయం పొందిన కుటుంబాన్ని తర్వాత మళ్లీ చూస్తారా

యెమెన్‌కు పంపుతూ తన సహచరుడు ముఆజ్ (ర)కు దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం, అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వాలన్నది. అందువల్ల దగ్గరివారికే మొదటి హక్కు. దూరంగా కరవో యుద్ధమో ఉన్నప్పుడు, పేద బంధువులు అక్కడ ఉన్నప్పుడు పంపడానికి అభ్యంతరం లేదు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

వడ్డీ సొమ్మును జకాత్‌గా ఇవ్వడం. అది మన సొమ్మే కాదు. దాన్ని పుణ్యాపేక్ష లేకుండా విడిగా వదిలించుకుని, జకాత్‌ను సొంత ధనంతో చెల్లించండి.

పనివారి జీతంలోనో, ఇస్తామన్న బోనస్‌లోనో జకాత్ కలపడం. జీతం వారి హక్కు. వారు పేదవారైతే జీతానికి, మాటకు సంబంధం లేకుండా అదనంగా ఇవ్వండి.

రాని బాకీని జకాత్ కింద రద్దు చేయడం. అత్యధికుల దృష్టిలో ఇది చెల్లదు. ఆ పేదవాడికి షరతు లేకుండా జకాత్ చేతికి ఇవ్వవచ్చు; అతడు ఇష్టపడి దానితో మీ బాకీ తీరిస్తే తప్పు లేదు.

అమ్ముడుపోని నాసిరకం సరుకును పూర్తి ధర కట్టి ఇవ్వడం. మీకే ఇస్తే కళ్లు మూసుకుని గాని తీసుకోని వస్తువును ఇవ్వవద్దని అల్ బఖరా 267వ ఆయత్ స్పష్టంగా చెప్పింది. సరుకే ఇవ్వదలిస్తే ఆ రోజు నిజంగా పలికే ధరకే లెక్కించండి.

తీసుకునేవారిని వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయడం, ఇచ్చినదాన్ని పదేపదే గుర్తుచేయడం. దెప్పిపొడుపుతో, బాధపెట్టడంతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అదే సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తుంది. పేరు, ముఖం బయటపడకుండా ఇంటికే చేర్చండి.

ప్రభుత్వానికి కట్టిన పన్నును జకాత్‌గా భావించడం. సంకల్పం, రేటు, గ్రహీతలు వేరు కనుక ఒకటి మరొకదానికి బదులు కాదు. పన్ను కట్టగా మిగిలిన సొమ్ము మీద మాత్రమే జకాత్ లెక్క నడుస్తుంది.

గత సంవత్సరాల జకాత్ మరచిపోవడం. అది మాఫీ కాదు. అప్పుగా నిలిచి ఉంటుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది సంపదను అంచనా వేసి, ఒకేసారి సాధ్యం కాకపోతే తొందరగా తీరేలా విడతలుగా చెల్లించండి.

11. పుస్తకంలో రాసుకోండి, మళ్లీ వెళ్లి చూడండి

తేదీ, ఆ రోజు నిసాబ్ విలువ, సంపద పట్టిక, చెల్లించవలసిన మొత్తం, ఇచ్చిన తేదీలు, మిగిలినది ఒకే పుస్తకంలో ఉంచండి. గ్రహీతల పేర్లు మీకు మాత్రమే తెలిసే గుర్తులతో రాసుకోండి.

సాయం చేసిన కుటుంబాన్ని ఆరునెలలకు ఒకసారి పలకరించండి. అది తనిఖీలా ఉండకూడదు. ఖర్చుల లెక్క అడిగే హక్కు మనకు లేదు, ఎందుకంటే ఆ సొమ్ము ఇప్పుడు వారిది. అప్పు మళ్లీ మొదలైందా, పిల్లలు బడికి వెళుతున్నారా, పని సాగుతోందా అన్నవి మాటల్లోనే తెలిసిపోతాయి. పని ఆగిపోతే కారణం కనుక్కుని, వారు అర్హులుగానే ఉంటే రెండో విడత ఇవ్వండి. వారి దగ్గర అవసరాలకు మించి నిసాబ్ సమకూరితే ఆ పేరు జాబితా నుంచి తీసి, ఆ స్థానంలో మరో కుటుంబాన్ని చేర్చండి.

చెల్లించకుండా మిగిలిన జకాత్ వివరాన్ని వీలునామాలో కూడా రాయండి. షాఫియీ, హంబలీ మార్గాల్లో వారసులు పంచుకోకముందే ఆస్తి నుంచి అప్పులా దాన్ని చెల్లించాలి. హనఫీ మార్గంలో చనిపోయిన వ్యక్తి వీలునామాలో కోరితేనే, అదీ ఆస్తిలో మూడో వంతుకు లోబడి, చెల్లించడం వారసులపై తప్పనిసరి అవుతుంది. అందుచేత హనఫీ మార్గంవారు ఈ ఒక్క వాక్యం రాయడాన్ని వాయిదా వేయకూడదు.